అతకడం నుంచి నిలదొక్కుకోవడం వరకు: వెనుకపాద భగ్నాల చికిత్సా చరిత్ర – కోటప్పకొండ నేపథ్యం

వ్యాససంగ్రహం

మడమ ఎముక, దానిపై నిలిచే చీలమండ ఎముక కలిసి వెనుకపాదం అవుతాయి. వీటి భగ్నాలు అరుదు. కానీ ఒకసారి సంభవిస్తే అవి మనిషి నడకను, పనిని, కూర్చునే తీరును ఏళ్ల తరబడి శాసిస్తాయి. సుశ్రుత సంహిత మొదలుకొని పుత్తూరు కట్టు, ఐరోపా ప్రమాద వైద్యశాలలు, ఇటీవలి శస్త్రచికిత్సా పరీక్షల వరకు ఈ గాయాల చికిత్సా చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘నయం కావడం’ అన్న మాటకు ఏ కాలంలో ఏ అర్థం ఉండేదన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. ఎముక అతకడాన్నే నయంగా భావించిన చోటల్లా వెనుకపాద గాయపు అసలు నష్టం మరుగున పడిందని, పల్నాటి జనజీవనంలో ఆ నష్టాన్ని కోటప్పకొండ వంటి ఎత్తుపల్లాల నేల బయటపెడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వెనుకపాదం, మడమ, చీలమండ, గుల్ఫం, పుత్తూరు కట్టు, కోటప్పకొండ, వైకల్య శాతం, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

కష్టం నుంచి తేరుకొని మళ్లీ స్థిరపడడాన్ని తెలుగువారు ‘నిలదొక్కుకోవడం’ అంటారు. నిలవడం, తొక్కడం అనే రెండు పాదక్రియలు ఆ మాటలో కలిసి ఉన్నాయి. వ్యాపారంలో నష్టపోయినవాడైనా, కరవులో చితికిన రైతైనా తిరిగి నిలదొక్కుకోవాలి. కోలుకోవడమనే భావనను భాష పాదం మీదనే నిలబెట్టింది. విరిగిన ఎముక విషయానికి వచ్చేసరికి మాత్రం అదే భాషలో ఎక్కువగా వినిపించే మాట వేరు. ‘ఎముక అతికిందా?’ అన్నదే చూడవచ్చినవారి మొదటి ప్రశ్న. అతికితే నయమైనట్టు, అతకకపోతే కానట్టు.

ముంజేతికీ తొడకూ ఈ ప్రశ్న చాలావరకు సరిపోతుంది. వెనుకపాదానికి సరిపోదు. మడమ ఎముక దాదాపు ప్రతిసారీ అతుకుతుంది, అయినా నడక చెడుతుంది. చీలమండ ఎముక కొన్నిసార్లు అతికి కూడా లోపల నిర్జీవమవుతుంది. కాబట్టి అతుకును, నిలదొక్కుకోవడాన్ని వేరువేరుగా చూడవలసిన అవసరాన్ని ఈ రెండు ఎముకలు వైద్యచరిత్రలో పదేపదే గుర్తు చేశాయి.

ఇది వైద్యులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. తాటిచెట్టు మీది గీత కార్మికుడు మోకు జారి పడినప్పుడు, సారువ మీది తాపీ పనివాడు కాలు తప్పినప్పుడు శరీరభారమంతా మొదట మడమలే మోస్తాయి. అలా పడినవారిలో కొందరికి రెండు మడమలూ విరుగుతాయి. మరికొందరికి దెబ్బ పైకి పాకి నడుము వెన్నుపూస కూడా నలుగుతుంది. అంటే ఈ గాయం ప్రధానంగా శ్రామికుల గాయం. ‘నయమైంది’ అన్న మాటకు ఇచ్చే అర్థం మీదనే వారి తరువాతి జీవితం ఆధారపడుతుంది.

2. రెండు ఎముకలు – వాటి పేర్లు

పాదంలో అతిపెద్ద ఎముక మడమ ఎముక. వైద్యులు దీన్ని కాల్కేనియస్ అంటారు. పాదపు ఎముకల భగ్నాలలో పెద్ద వాటా దీనిదే అయినా, శరీరంలోని మొత్తం భగ్నాలలో దీని వాటా 1 నుంచి 2 శాతమే. దీనికి పైన, కాలి ఎముకల మధ్య గూటిలో ఇమిడి ఉండేది టాలస్. దీని భగ్నాలు ఇంకా అరుదు. మొత్తంలో 1 శాతానికి లోపే.

మడమకు తెలుగులో స్పష్టమైన పేరుంది. టాలస్‌కు వాడుకలో విడిగా పేరు లేదు. ‘చీలమండ’ అన్న మాట ఆ ప్రాంతమంతటికీ చెల్లుతుంది. చీల అంటే మేకు అనే అర్థం కూడా ఉంది. పాదానికి ఇరువైపులా మేకుతలల్లా పొడుచుకువచ్చిన గుబ్బలనే జనం చూశారు, వాటికే పేరు పెట్టారు. ఆ గుబ్బల మధ్య దాగిన టాలస్ కంటికి కనిపించదు, చేతికి అందదు. గ్రీకు, లాటిన్ భాషలలో మరో దారిలో పేరు వచ్చింది. గొర్రెలు, మేకల చీలమండ ఎముకలను అక్కడివారు పాచికలుగా వాడేవారు. గ్రీకు ‘అస్ట్రగలోస్’, లాటిన్ ‘టాలస్’ ఆ ఎముకకూ పాచికకూ కూడా పేర్లు.

టాలస్ నిర్మాణమే దాని కష్టాలకు మూలం. దీనికి ఒక్క కండరమూ అంటుకొని ఉండదు. ఉపరితలంలో సుమారు 60 శాతాన్ని కీళ్ల మృదులాస్థి కప్పి ఉంటుంది. రక్తనాళాలు లోపలికి వెళ్లే తావు కొద్దిగానే మిగులుతుంది. టాలస్‌కూ మడమకూ మధ్యనున్న కీలు పాదాన్ని లోపలికీ బయటికీ వంచుతుంది. చదునైన గచ్చు మీద దీని పని అంతగా తెలియదు. గట్టు మీద, రాళ్ల బాటలో, దున్నిన చేలో అడుగు ఒరగకుండా కాపాడేది ఈ కీలే.

3. సుశ్రుతుని నిర్వచనం

భారతీయ వైద్యసంప్రదాయంలో ఎముక భగ్నాల గురించిన విస్తృతమైన చర్చ సుశ్రుత సంహితలో కనిపిస్తుంది. నిదానస్థానం 15వ అధ్యాయం భగ్నాల లక్షణాలను, చికిత్సాస్థానం 3వ అధ్యాయం వాటి చికిత్సను వివరిస్తాయి. కీలు తప్పడంలో 6 రకాలు, ఎముక విరగడంలో 12 రకాలు అందులో ఉన్నాయి. మద్ది, మేడి, రావి, మోదుగ, మర్రి వంటి చెట్ల పట్టలను, వెదురును బద్దలుగా వాడాలని, కట్టును చలికాలంలో 7 రోజులకు, సమశీతోష్ణ కాలంలో 5 రోజులకు, ఎండకాలంలో 3 రోజులకు ఒకసారి మార్చాలని ఆ గ్రంథం చెబుతుంది. కట్టు మరీ వదులైతే కీలుకు స్థిరత్వం రాదు. మరీ బిగువైతే వాపు, నొప్పి, చీము పుడతాయి. కనుక మధ్యస్థమైన కట్టే మేలన్నది అందులోని హెచ్చరిక.

ఈ వ్యాసానికి ముఖ్యమైనవి మరో మూడు అంశాలు. మొదటిది మర్మాల చర్చ. శారీరస్థానంలో చీలమండ వద్ద ఉన్న గుల్ఫమర్మాన్ని పేర్కొంటూ, అక్కడ దెబ్బ తగిలితే నొప్పి, పాదం బిగుసుకుపోవడం, కుంటితనం కలుగుతాయని చెప్పారు. నేటి వైద్యులు వెనుకపాద గాయాల దీర్ఘకాలిక ఫలితాలుగా నమోదు చేసేవి కూడా ప్రధానంగా ఈ మూడే. రెండవది క్రమంగా బరువు పెంచే పద్ధతి. అరచేతి భగ్నం మానుతున్నప్పుడు రోగి చేత మొదట పేడముద్దను, తరువాత మట్టిముద్దను, బలం వచ్చాక రాతిని పట్టించాలని సూచించారు. కట్టు విప్పడంతో చికిత్స ముగియదన్న ఎరుక ఇందులో ఉంది.

మూడవది నయానికి ఇచ్చిన నిర్వచనం. భగ్నం బాగా కుదిరిందని ఎప్పుడు చెప్పాలి? కీలు పక్కకు తొలగకుండా ఉండాలి, అంగం కురచ కాకూడదు, ఉబ్బు ఉండకూడదు, సుఖంగా కదలాలి, చాచగలగాలి. ఎముక అతకడం ఈ నిర్వచనంలో ఒక భాగం మాత్రమే. సుఖమైన కదలికను నయంలో అంతర్భాగం చేసిన ఈ దృష్టి తరువాతి కాలపు కట్టువైద్యంలో అంతే బలంగా కొనసాగలేదు. బద్దలు, పట్టీలు, పసరు మిగిలాయి. చివరి పరీక్ష పలుచబడింది.

4. పుత్తూరు కట్టు: అతుకు తెచ్చిన ప్రతిష్ఠ

తెలుగునాట ఎముకల వైద్యం అనగానే గుర్తుకు వచ్చేది పుత్తూరు కట్టు. పూర్వపు చిత్తూరు జిల్లా పుత్తూరు ప్రాంతంలో ఒక రాజుల కుటుంబం 19వ శతాబ్ది చివరి పాదం నుంచి ఈ వైద్యం చేస్తూ వచ్చిందని సంప్రదాయ కథనం. వేటలో దెబ్బతిన్న కుందేలును ఆకుల్లో చుట్టి ఇంటికి తెచ్చారని, విప్పి చూస్తే దాని విరిగిన ఎముకలు అతుక్కొని ఉన్నాయని, ఆ ఆకులను గుర్తించడంతో ఈ వైద్యం మొదలైందని చెప్పుకుంటారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డపట్టీలు, వెదురుబద్దలు ఈ కట్టులోని ప్రధాన వస్తువులు. నేడు దక్షిణాది నగరాలలో ‘పుత్తూరు కట్టు’ అన్న బోర్డులు కనిపించని చోటు అరుదు. ఒక ఊరి పేరు ఒక చికిత్సకు పర్యాయపదం కావడం విశేషం.

ఈ ఆదరణకు కారణాలు స్పష్టమే. ఖర్చు తక్కువ. కట్టు కట్టించుకొని అదే రోజు ఇల్లు చేరవచ్చు. కోత, మత్తు, ఆసుపత్రి పడక అవసరం లేదు. కట్టు మార్చడానికి మళ్లీ మళ్లీ వెళ్లడం వల్ల వైద్యుడితో పరిచయం కొనసాగుతుంది. కదలకుండా ఉంచితే సాధారణ భగ్నాలు చాలావరకు అతుకుతాయి కనుక ఫలితమూ కనిపిస్తుంది.

కట్టువైద్యులను, శాస్త్రవైద్యులను శత్రుపక్షాలుగా మాత్రమే చూడడం చరిత్రకు నిలవదు. ఇంగ్లండులో ఎముకల వైద్యానికి పునాది వేసినవారిలో ఒకరైన హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) కట్టువైద్యుల వంశంలో పుట్టినవాడే. లండనులో సర్ జేమ్స్ పేజెట్ 1867లో చేసిన ప్రసంగానికి కట్టువైద్యులు నయం చేసే రోగాలే విషయం. వారి నుంచి నేర్చుకోదగినది నేర్చుకోవాలని, కీడును విడవాలని ఆయన సహవైద్యులకు సూచించాడు.

అయితే వెనుకపాదం దగ్గర ఈ పద్ధతి పరిమితి బయటపడుతుంది. మడమ ఎముక లోపల స్పంజిలా ఉంటుంది, దానికి రక్తప్రసారం సమృద్ధిగా ఉంటుంది. ఏ కట్టు కట్టినా, కట్టకపోయినా అది సాధారణంగా అతుకుతుంది. ఎత్తు నుంచి పడినప్పుడు మాత్రం అది నిలువునా నలిగి, వెడల్పై, పైభాగంలోని కీలు లోనికి కుంగిపోతుంది. అలా కుంగిన కీలును పైనుంచి వేసే పసరు గానీ, బద్ద గానీ పైకి లేపలేవు. మూడు నెలలకు కట్టు విప్పితే ఎముక అతికే ఉంటుంది. వైద్యుడి మాట నిజమే, రోగి నొప్పీ నిజమే. కట్టు బిగువు శృతి మించితే కలిగే ప్రమాదం ఇంకా పెద్దది. పాదానికి రక్తం ఆగి కుళ్లు పడితే కాలే తీయవలసి వస్తుంది. సుశ్రుతుని హెచ్చరిక ఈ ప్రమాదం గురించే.

5. ఐరోపా, అమెరికాలలో మడమ: కార్మికుని భవిష్యత్తు

ఐరోపాలోనూ చాలాకాలం పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా లేదు. హాలండు సైనికవైద్యుడు మతైసెన్ 1852లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కట్టును వాడుకలోకి తెచ్చాడు. అది కదలికను గట్టిగా ఆపింది కానీ కుంగిన కీలును సరిచేయలేదు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-రేను కనుగొనే వరకు మడమ భగ్నాలలో చాలా వాటిని బెణుకులుగానే భావించి వదిలేసేవారు. ఎక్స్-రే వచ్చాకనే ఎముక అతికిన తరువాత కూడా దాని ఆకారం ఎంత చెడిందో కనిపించింది.

అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ కాటన్ 1908లో, నలిగి వెడల్పైన మడమను పక్కనుంచి సుత్తితో కొట్టి దగ్గరకు చేర్చే పద్ధతిని ప్రతిపాదించాడు. 1916 నాటికి ఆయన, సహరచయిత హెండర్సన్ ఫలితాలను చూసి నిరాశ చెందారు. మడమ విరిగిన కార్మికుడి పని అక్కడితో ముగిసినట్టేనన్నది వారి అభిప్రాయం. ఎముక అతకలేదని వారు చింతించలేదు. కార్మికుడు తిరిగి పనికి వెళ్లలేకపోతున్నాడని చింతించారు. నయానికి కొలమానం అతుకు నుంచి జీవనోపాధికి మారిన సందర్భం ఇది.

ఈ మార్పు వెనుక బీమా వ్యవస్థ ఉంది. వియన్నాలో లోరెంజ్ బోలర్ 1925లో ప్రమాద బాధితులకు ప్రత్యేక వైద్యశాల నడపడం ఆరంభించాడు. దాన్ని పోషించింది కార్మికుల ప్రమాద బీమా సంస్థ. వికలాంగుడైన కార్మికుడికి జీవితాంతం భరణం చెల్లించడం కంటే మంచి చికిత్స చేయించడమే బీమా సంస్థకు చవక. బోలర్ 1931లో ప్రచురించిన పరిశోధనా వ్యాసంలో మడమ ఎక్స్-రే మీద గీయవలసిన ఒక కోణాన్ని నిర్వచించాడు. ఆరోగ్యవంతమైన మడమలో అది 20 నుంచి 40 డిగ్రీల వరకు ఉంటుంది. కీలు కుంగేకొద్దీ కోణం తగ్గుతుంది. ‘అతికింది’ అన్న మాటకు బదులు ‘ఎంత ఎత్తులో అతికింది’ అన్న ప్రశ్న వైద్యంలోకి వచ్చింది.

ఆ ఎత్తుకు నిత్యజీవితంతో నేరుగా సంబంధం ఉంది. మడమ కుంగితే దానిపైనున్న టాలస్ వెనక్కి ఒరుగుతుంది. అప్పుడు మోకాలిని ముందుకు వంచేటప్పుడు చీలమండ ముందుభాగంలో ఎముకలు ఒకదానికొకటి తగులుతాయి. కుర్చీలో కూర్చునేవాడికి ఈ అడ్డు తెలియకపోవచ్చు. గొంతుకూర్చుని నాట్లు వేసే, కలుపు తీసే, మిరపకాయలు ఏరే మనిషికి ప్రతి పూటా తెలుస్తుంది.

6. టాలస్: అతికినా బతకని ఎముక

టాలస్ చరిత్ర మరో పాఠం చెబుతుంది. 1608లో జర్మన్ శస్త్రవైద్యుడు ఫాబ్రీషియస్ హిల్డానస్, చర్మం చీల్చుకొని బయటికి వచ్చిన టాలస్‌ను తీసివేసిన ఉదంతాన్ని నమోదు చేశాడు. తరువాత మూడు శతాబ్దాల పాటు ఇది అక్కడక్కడా కనిపించే వింతగాయంగానే ఉండిపోయింది. దాన్ని గుంపుగా తెచ్చిపెట్టింది విమానం. విమానం నేలకూలేటప్పుడు చుక్కానిని తొక్కి ఉన్న చోదకుడి పాదం పైకి విరుచుకుపడి టాలస్ మెడ విరిగేది. బ్రిటిష్ వైమానిక దళానికి సేవలందించిన వైద్యుడు హెన్రీ గ్రేమ్ ఆండర్సన్ 1919లో ఇలాంటి 18 ఉదంతాలను సమీకరించి దీనికి ‘వైమానికుల టాలస్’ అన్న అర్థంలో పేరు పెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం తరువాత, 1952లో కోల్టార్ట్, బ్రిటిష్ వైమానిక దళంలో నమోదైన సుమారు 25,000 భగ్నాలు, కీళ్లు తప్పిన గాయాలలో టాలస్‌వి 228 అని లెక్కతేల్చాడు.

1970లో రెండు రచనలు ఈ గాయంపై అవగాహనను మార్చాయి. మల్ఫింగర్, ట్రుయెటా టాలస్ రక్తనాళాలను వివరంగా చిత్రించారు. లేలండ్ హాకిన్స్ టాలస్ మెడ భగ్నాలను మూడు రకాలుగా విభజించాడు. ఎముక ఎంతగా తొలగితే అంతగా రక్తనాళాలు తెగుతాయి. మొదటి రకంలో ఎముక నిర్జీవం కావడం అరుదు. మూడో రకంలో పదింట తొమ్మిది నిర్జీవమయ్యాయి. 1978లో కెనేల్, కెల్లీ నాలుగో రకాన్ని చేర్చారు.

హాకిన్స్ గుర్తించిన మరో అంశం గమనించదగింది. గాయమైన 6 నుంచి 8 వారాలకు తీసిన ఎక్స్-రేలో టాలస్ పైఅంచు కింద సన్నని నల్లగీత కనిపిస్తే అది శుభసూచన. పని లేక ఎముక పలుచబడుతోందని ఆ గీత అర్థం. పలుచబడాలంటే రక్తం పారాలి. అంటే ఎముక బతికే ఉంది. తెల్లగా, దట్టంగా, గట్టిగా కనిపించే టాలస్‌నే అనుమానించాలి. పైకి కనిపించే గట్టితనం ఆరోగ్యానికి గుర్తు కాదని ఇంత సూటిగా చెప్పే ఉదాహరణలు వైద్యంలో తక్కువ.

ఈ అవగాహన చికిత్స వ్యవధిని మార్చింది. తొలగిన ముక్కలను శస్త్రచికిత్సతో చేర్చి స్క్రూలతో బిగించినా రోగి వారాల తరబడి, తరచు మూడు నెలల వరకు, ఆ పాదంపై బరువు మోపకూడదు. నిర్జీవమైన భాగంలోకి రక్తనాళాలు తిరిగి పాకడానికి రెండేళ్లయినా పట్టవచ్చు. 2004లో హెదర్ వాలియర్ బృందం ప్రచురించిన 102 భగ్నాల అధ్యయనం మరో సంగతిని ముందుకు తెచ్చింది. ఎముక నిర్జీవం కావడం కంటే కూడా కీళ్ల అరుగుదల ఎక్కువమందిని బాధించింది. అంటే ఎముక అతికి, బతికి కూడా కీలు చెడవచ్చు. నయమన్న మాటకు మూడు మెట్లు ఏర్పడ్డాయి: అతకడం, బతకడం, కదలడం.

7. శస్త్రచికిత్స పరీక్షకు నిలిచిన తీరు

1958లో స్విట్జర్లాండులో ఏర్పడిన ఏవో బృందం విరిగిన కీళ్లను తెరిచి, యథాస్థానంలో పేర్చి, లోహపు పలకలతో బిగించే పద్ధతులను విస్తరింపజేసింది. మడమ విషయంలో ఎసెక్స్-లోప్రెస్టి 1952లో, సీటీ స్కాన్ ఆధారంగా శాండర్స్ 1993లో చేసిన వర్గీకరణలు శస్త్రచికిత్సకు దారి చూపాయి. తెరిచి బిగించడమే ఉత్తమమన్న నమ్మకం బలపడింది.

ఆ నమ్మకాన్ని రెండు పెద్ద పరీక్షలు ప్రశ్నించాయి. 2002లో వెలువడిన కెనడా పరీక్షలో బక్లీ బృందం శస్త్రచికిత్స చేసినవారిని, చేయనివారిని పోల్చింది. మొత్తంమీద చూస్తే చెప్పుకోదగిన తేడా లేదు. స్త్రీలు, చిన్నవయసువారు, తేలికపాటి పని చేసేవారు, కార్మిక పరిహారం కింద లేనివారు శస్త్రచికిత్సతో ఎక్కువ లాభపడ్డారు. 2014లో బ్రిటన్‌లోని 22 ఆసుపత్రులలో 151 మందిపై గ్రిఫిన్ బృందం చేసిన పరీక్షలో రెండేళ్ల తరువాత రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. శస్త్రచికిత్స చేసినవారిలో పుండ్లు, చీము వంటి ఉపద్రవాలు మాత్రం ఎక్కువ. మెరుగైన సాధనాలు వచ్చినా, ఎక్కువ బరువు మోసేవాడే తక్కువగా కోలుకుంటున్నాడన్న కాటన్ నాటి సత్యం పూర్తిగా చెరగలేదు.

గుంటూరు ప్రాంతానికి పాశ్చాత్య వైద్యం మిషన్ల ద్వారా వచ్చింది. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కృషితో 1898లో గుంటూరులో మిషన్ ఆసుపత్రి వెలిసింది. 1946లో గుంటూరు వైద్యకళాశాల, 1964లో హైదరాబాదులో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి ఏర్పడ్డాయి. ఆ రెండోదే తరువాత నిమ్స్ అయింది. 2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి ప్రమాద చికిత్స దగ్గరైంది. ఈ ఏర్పాట్లు గాయపడిన తొలి వారాలకు సంబంధించినవి. వెనుకపాదపు అసలు కథ కుట్లు విప్పాక మొదలవుతుంది.

8. కొండే కొలమానం

పల్నాడు జిల్లాలో నరసరావుపేటకు సమీపాన ఉన్న కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి క్షేత్రం. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలుగా మూడు శిఖరాలు కనిపించడం వల్ల త్రికూటాద్రి అన్న పేరు వచ్చింది. నరసరావుపేట సంస్థానాధీశులైన మల్రాజు వంశీయులు ఈ క్షేత్రాన్ని పోషించారు. మహాశివరాత్రి తిరునాళ్లకు చుట్టుపక్కల గ్రామాలు వెదురు, కర్రలతో ఎత్తయిన ప్రభలు కట్టి తరలిస్తాయి. 20వ శతాబ్ది చివర ఘాట్ రోడ్డు వచ్చేవరకు సాధారణ భక్తునికి మెట్లదారే దారి.

ఇక్కడి స్థలపురాణానికి ఈ వ్యాసవిషయంతో దగ్గరి సంబంధం ఉంది. కొండకావూరు గొల్లభామ ఆనందవల్లి ప్రతిరోజూ కొండెక్కి స్వామిని సేవించేది. గర్భవతియై ఎక్కలేని స్థితి వచ్చినప్పుడు, స్వామినే దిగి రమ్మని వేడుకుంది. తాను వెంట వస్తానని, వెనుదిరిగి చూడవద్దని స్వామి షరతు పెట్టాడు. దారిలో ఆమె వెనుదిరిగి చూడగా స్వామి బ్రహ్మశిఖరం మీద లింగరూపంలో నిలిచిపోయాడు. అందుకే రుద్రశిఖరం మీద పాతకోటయ్య గుడి, దిగువన నేటి ప్రధానాలయం. భక్తులు ముందుగా గొల్లభామను దర్శిస్తారు. ఎక్కలేని శరీరం కోసం దైవమే మెట్లు దిగివచ్చిన కథ ఇది. ఎక్కలేకపోవడాన్ని భక్తిలోపంగా కథ చూడలేదు; దాన్ని న్యాయమైన కోరికగా మన్నించింది.

భక్తుల నోట పలికే ‘చేదుకో కోటయ్యా’ అన్న పిలుపు కూడా ఇలాంటిదే. చేదడం అంటే బావిలోంచి తాడుతో పైకి లాగడం. ఎక్కడం తనవల్ల కాని చోట పైనుంచి లాగమని వేడుకోవడం ఆ మాటలో ఉంది.

వైద్యదృష్టితో చూస్తే కొండ ఎక్కడం, దిగడం వెనుకపాదానికి నిండుపరీక్ష. మెట్టు దిగేటప్పుడు పైమెట్టు మీదున్న చీలమండ బాగా వంగాలి. ఎగుడుదిగుడు రాతి మీద మడమ కీలు పక్కకు ఒరిగి సర్దుకోవాలి. ఈ కీలు బిగిసినవాడు చదునైన ఆసుపత్రి వసారాలో చక్కగా నడిచి చూపగలడు. రాళ్ల బాటలో తడబడతాడు.

పాదం పనితీరును కొలవడానికి అమెరికా వైద్యులు 1994లో ప్రచురించిన 100 మార్కుల పట్టిక విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. అందులో నొప్పికి 40, పనితీరుకు 50, పాదం అమరికకు 10 మార్కులు. ఎగుడుదిగుడు నేల, మెట్లు, వాలు అందులో ఉన్నాయి. గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేయడం, చెప్పులు లేకుండా గట్టు మీద నడవడం మాత్రం లేవు. నేలమీద జీవించే సమాజానికి ఇవి అదనపు సౌకర్యాలు కావు. వంట, భోజనం, పూజ, పొలంపని, మరుగు అన్నీ వీటితోనే ముడిపడి ఉన్నాయి.

ఈ లోటును ముందుగా గుర్తించింది కృత్రిమ పాదం తయారుచేసినవారు. 1968లో జైపూర్‌లో వైద్యుడు పి.కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ రూపొందించిన జైపూర్ పాదం పాశ్చాత్య నమూనాకు భిన్నమైంది. బూటు లేకుండా నడవడం, గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేయడం, నీటిలోనూ మట్టిలోనూ పనిచేయడం దానికి పెట్టుకున్న షరతులు. వెనుకపాదం వంగే, ఒరిగే గుణాన్ని రబ్బరులో తిరిగి సృష్టించడమే దాని విజయ రహస్యం. తెలుగు ప్రేక్షకులకు ఈ పాదం నర్తకి సుధాచంద్రన్ ద్వారా పరిచయమైంది. 1981 నాటి బస్సు ప్రమాదం తరువాత కుళ్లు వ్యాపించి కాలు కోల్పోయిన ఆమె, జైపూర్ పాదంతో తిరిగి నాట్యం చేసింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘మయూరి’ ఆమె జీవితమే. పోయిన పాదానికి మన జీవనరీతి ప్రకారం కొలమానం ఏర్పడింది. ఉండి కూడా పనిచేయని సొంత పాదానికి అటువంటి కొలమానం ఏర్పడకపోవడం విచిత్రం.

9. శాతాల లెక్కలో మడమ

ఈ లోటు ప్రభావం చట్టం దగ్గర కనిపిస్తుంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం అనుబంధంలో అంగనష్టాలకు శాతాలు నిర్ణయించారు. ఆ పట్టికలో ప్రధానంగా ఉన్నవి తెగిపోయిన అంగాలు, పోయిన చూపు. అంగం ఉండి పని తగ్గితే, సంపాదన శక్తి ఎంత తగ్గిందో అర్హుడైన వైద్యుడు అంచనా వేయాలి. అంటే తెగిన పాదానికి చట్టమే లెక్క చెబుతుంది. బిగిసిన మడమకు లెక్క ఒక వైద్యుని చూపు మీద ఆధారపడుతుంది. ఆ వైద్యుడు ఎక్స్-రేలో అతుకు చూసి తృప్తిపడితే కార్మికుని నష్టం కాగితం మీద చిన్నదవుతుంది.

రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన తీర్పు ఈ తేడాను స్పష్టం చేసింది. అంగవైకల్య శాతం, సంపాదన నష్టపు శాతం ఒకటి కావు. చేయి పోయిన వడ్రంగికి, చేయి పోయిన గుమాస్తాకు నష్టం ఒకే తీరుగా ఉండదని కోర్టు వివరించింది. ఇదే తర్కం మడమకు వర్తిస్తుంది. బల్ల ముందు కూర్చుని పనిచేసేవాడికి మడమ కీలు బిగుసుకోవడం అసౌకర్యం. గీత కార్మికుడికి అది వృత్తి ముగింపు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతాన్ని హద్దుగా పెట్టింది. సదరం ధ్రువపత్రంలో ఆ హద్దుకు ఇవతల నిలిచిన మనిషికి తాటిచెట్టూ అందదు, పింఛనూ అందదు.

10. ముగింపు

వెనుకపాద భగ్నాల చికిత్సా చరిత్రను సాధనాల చరిత్రగా చదివితే వెదురుబద్ద నుంచి లోహపు పలక వరకు నేరుగా సాగిన ప్రగతి కనిపిస్తుంది. నయానికి ఇచ్చిన నిర్వచనాల చరిత్రగా చదివితే దారి వంకరగా ఉంటుంది. సుశ్రుతుడు సుఖమైన కదలికను కోరాడు. కట్టువైద్యం అతుకు దగ్గర ఆగింది. కాటన్, బోలర్ కార్మికుని ఉపాధిని లెక్కలోకి తెచ్చారు. హాకిన్స్ ఎముక ప్రాణాన్ని, తరువాతివారు కీలు ఆయుష్షును చూశారు. మన చట్టం, మన ధ్రువపత్రాలు మాత్రం ఇంకా ఎక్కువగా తెగినదాన్నీ అతికినదాన్నీ లెక్కిస్తున్నాయి.

ఈ పరిశీలన నుంచి మూడు సూచనలు వెలువడుతున్నాయి. ఎత్తు నుంచి పడిన మనిషి మడమ వాచి, బరువు మోపలేకపోతే కట్టుకు ముందే ఎక్స్-రే తీయించాలి. కట్టువైద్యులను ఈ అవగాహనలో భాగస్వాములను చేయడం వారిని నిషేధించడం కంటే ఫలవంతం. కోలుకోవడాన్ని మూడు నెలలకు కాక కనీసం రెండేళ్లకు కొలవాలి. ఆ కొలతలో గొంతుకూర్చోవడం, గట్టు మీద నడక, మెట్లు దిగడం చేరాలి. తెలుగు జీవనరీతికి తగిన కొలమానాన్ని రూపొందించే పనిలో వైద్యులతోపాటు భాషా, జానపద పరిశోధకులకూ పాత్ర ఉంది. పనుల పేర్లు, కూర్చునే తీరుల పేర్లు, నొప్పుల పేర్లు సేకరించగలిగేది వారే.

ఎక్కలేనివారి కోసం కోటప్పకొండకు ఘాట్ రోడ్డు పడింది. అది మంచి ఏర్పాటే. కానీ ఎక్కగలిగి కూడా, సరైన చికిత్సో సరైన లెక్కో అందక ఎక్కలేకపోతున్నవారు ఎందరన్న ప్రశ్నకు రోడ్డు జవాబు కాదు. విరిగిన మడమ గల మనిషిని ‘అతికిందా?’ అని అడగడం మాని, ‘నిలదొక్కుకున్నావా?’ అని అడగడంతో ఆ జవాబు వెతకడం మొదలవుతుంది.